యాభై పాయింట్ ఏడు

మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో ఒక చలికాలమంతా నా శనివారాలు మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోతుంటే చూడటంతోనే గడిచాయి. ఊరికే చూడటం కూడా కాదు. గోల్ పోస్టుల మధ్య తెల్లకోటు వేసుకుని నిలబడి, అవతలివాళ్ళు గోల్ కొట్టిన ప్రతిసారీ రెండు చేతుల్తో రెండు జెండాలు ఊపి, ఆ సంగతి కార్డు మీద రాసుకోవడం నా పని. సాయంత్రానికి భుజాలు లాగేసేవి. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడాలంటే చేతులు నావి కానట్టుండేవి.

ఇది మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, పరిగెత్తొచ్చు, తన్నొచ్చు. ఆడేది వేసవిలో క్రికెట్ ఆడిన మైదానంలోనే. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి బంతి పోతే గోల్, దానికి ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒక్క పాయింటు. ఒక టీమ్ స్కోరు వంద దాటడం మామూలు విషయం. ఆట నాకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు గానీ, స్కోరు మాత్రం మొదటిరోజే అర్థమైంది.

చిన్న పోటీలకి, నడిపేవాళ్ళు అంతమంది అంపైర్లని పంపలేరు. అందుకని ఒక్కో టీమ్ ఒక్కో గోల్ అంపైర్ని వెంట తెచ్చుకోవాలని అక్కడి పద్ధతి. తెచ్చుకున్నది మన టీమే అయినా, కోటు తొడుక్కున్నాక వాడు ఎవరి మనిషీ కాదు. కేకలు వేయకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ఆటగాళ్ళతో మాట్లాడకూడదు. ఆ పనికి మా టీమ్‌లో ఎవరూ ఒప్పుకోక, కెప్టెన్ నన్ను పట్టుకున్నాడు. అతను మా ఫుడ్ టెక్నాలజీ ల్యాబ్‌లో నా పక్క బెంచీలో ఉండేవాడు, తలుపు కింద తల వంచుకుని లోపలికొచ్చేంత పొడుగు.

"నీకు కూడటం వచ్చా?" అని అడిగాడు.

వచ్చన్నాను.

"కదలకుండా నిలబడటం?"

"అదీ వచ్చు."

"అయితే శనివారం వచ్చెయ్."

కూడటం నిజానికి నాకెవరూ నేర్పలేదు. ఇంటర్‌లో బైపీసీ. పదో తరగతితో లెక్కల మాస్టారి మొహం చూడటం అయిపోయింది. బాపట్లలో పేపర్లో వచ్చే క్రికెట్ స్కోర్లు చూసి సగటులు కట్టుకుంటూ, తప్పొస్తే మళ్ళీ కట్టుకుంటూ నా అంతట నేను నేర్చుకున్నదే. ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఒక గోడౌన్లో సరుకు ఎంత వస్తుందో ఎంత పోతుందో అంచనా కట్టే ఉద్యోగం చేస్తున్నాను. కారులో పోతూ ముందు బండి నంబర్ ప్లేట్ అంకెలు కూడుతుంటే మా అమ్మాయి, "డాడ్, స్టాప్," అంటుంది. ఆపలేను.

ఆ ఏడు మాకు కొత్త కోచ్ వచ్చాడు. పాత కోచ్ వేరే క్లబ్బుకి పోతూ మా మంచి ఆటగాళ్ళని సగం మందిని వెంట తీసుకుపోయాడు. కొత్తాయన యాభై దాటిన మనిషి. ఇళ్ళకి పైకప్పు పెంకులు వేసే పని. మోకాళ్ళు రెండూ పోయి, ఫెన్స్ పట్టుకుని నిలబడేవాడు. చిన్నప్పట్నించీ ఎక్కడో లోపలి ఊళ్ళలో ఈ ఆట ఆడాడు, ఆడించాడు. అరిచే మనిషి కాదు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: వారంలో రెండు సాయంత్రాల ప్రాక్టీసుకీ వచ్చినవాడే శనివారం ఆడతాడు. ఎంత గొప్పగా ఆడేవాడైనా రాకపోతే లేదు. దాంతో మిగిలిన మంచివాళ్ళలో ఇంకో ముగ్గురు అలిగి వెళ్ళిపోయారు. ఆయన బతిమాలలేదు. మిగిలినవాళ్ళు బుద్ధిగా ప్రాక్టీసుకి వచ్చేవాళ్ళు, బుద్ధిగా ఓడిపోయేవాళ్ళు.

సీజన్ మధ్యలో ఒకరోజు వానలో మమ్మల్ని చితక్కొట్టారు. ఆ రోజు నా కార్డు మీద అవతలివాళ్ళ గడిలో చోటు చాలక పక్క గడిలోకి రాశాను. ఆట అయ్యాక మా పిల్లలు బట్టలు మార్చుకోకుండా బురదలోనే కూర్చున్నారు. కోచ్ వాళ్ళ ముందు నిలబడి, ఇంకోసారి ఇలా కానివ్వనని మాటిచ్చాడు. మరుసటి వారం నుంచి ముందు ఆడాల్సిన వాళ్ళని కూడా వెనక్కి తెచ్చి, మా గోల్ ముందు గోడలా నిలబెట్టాడు. మాట నిలబడింది. అప్పట్నించి ఓడిపోవడం మర్యాదగానే ఓడిపోయాం. కానీ గోల్ కొట్టడానికి ముందు మనిషే ఉండేవాడు కాదు. మావాళ్ళు చలిలో గుంపుగా నిలబడి, వచ్చిన బంతిని బయటికి తన్ని, మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూసేవాళ్ళు. అది చూడటం ఎంత నీరసమో, ఆడటం అంతకంటే నీరసంగా ఉండేదని వాళ్ళ నడకలోనే తెలిసేది.

నాతో గదిలో ఉండే కుర్రాడిది వరంగల్. నాకంటే రెండేళ్ళు చిన్న, అన్నా అని పిలిచేవాడు. ఎవరైనా కార్లో తీసుకెళ్తే శనివారాలు దూరంగా కేరమ్ డౌన్స్‌లో ఉన్న గుడికి పోయేవాడు, లేకపోతే మంచం మీదే ఉండేవాడు. నేను తడిసి ఇంటికి రాగానే దుప్పటిలోంచి తల బయటపెట్టి ఒకటే అడిగేవాడు.

"ఎంతతోని పోయిన్రు అన్నా?"

చెప్పేవాణ్ణి.

"గా జెండాలు ఊపుడుకు మనూర్ల రైల్వే గార్డు నౌకరి జేసినా పెన్షనొస్తుండె."

సీజన్ చివరికొచ్చేసరికి ఆ వేళాకోళం కూడా తగ్గింది. కాలేజీ స్పోర్ట్స్ ఆఫీసు వాళ్ళు కెప్టెన్ని పిలిచి ఒక మాట చెప్పారు. మా గ్రౌండ్ కోసం సాకర్, అంటే మనకి తెలిసిన ఫుట్‌బాల్, ఆడే పిల్లలు ఎప్పట్నించో అడుగుతున్నారు. మా టీమ్ టేబుల్లో ఆఖరున మిగిలితే, వచ్చే ఏడు టీమూ ఉండదు, గ్రౌండూ ఉండదు. ఆఖరి నుంచి రెండో స్థానమైనా సరే, ఇంకో ఏడాది ఉంచుతారు. కెప్టెన్ ఈ సంగతి ల్యాబ్‌లో పరీక్షనాళిక కడుగుతూ నాకు చెప్పాడు. చెప్పి అదే గొట్టాన్ని మళ్ళీ కడిగాడు. అతనికి ఇంకా రెండేళ్ళ చదువుంది. పొలాల మధ్య ఊరినుంచి వచ్చినవాడు, ఆ సిటీలో అతనికి ఆ టీమ్ తప్ప తెలిసినవాళ్ళు లేరు. నాకూ ఆ శనివారాలు తప్ప ఎవరూ పేరు పెట్టి పిలిచే చోటు లేదు.

అడుగున మాతో పోటీ పడుతున్నది ఒక్క టీమే. మేం సీజనంతా గెలిచింది ఒకే ఒక మ్యాచ్, అదీ వాళ్ళ మీదే. వాళ్ళు గెలిచిందీ ఒక్కటే, అది మా మీద. ఇక మిగిలింది ఒక్క వారం. మాకు బలమైన టీమ్‌తో ఆట ఉంది. వాళ్ళకి టేబుల్లో మొదటి స్థానంలో ఉన్న టీమ్‌తో. ఇద్దరం ఓడిపోతామన్నది ఎవరికీ అనుమానం లేని విషయం. అప్పుడు గెలుపులు సమానం. ఎవరు ఆఖరన్నది పర్సంటేజ్ తేలుస్తుంది.

ఆ రాత్రి అన్నం తింటూ గదిలో కుర్రాడికి చెప్పాను.

"నెట్ రన్ రేటు లెక్కనా?" అన్నాడు.

నేనూ మొదట అలాగే అనుకున్నాను, మనకి అలవాటైన లెక్క అదే కాబట్టి. తేడా తక్కువైతే మంచిదనుకున్నాను. కోచ్‌తో సహా అందరూ అలాగే అనుకుంటున్నారు, తక్కువ తేడాతో ఓడిపోదామని. కానీ అక్కడ చేసేది తీసివేత కాదు, భాగహారం. సీజనంతా మనం చేసిన స్కోరుని, మన మీద అయిన స్కోరుతో భాగించి వందతో గుణించాలి. మేం చేసింది వెయ్యిన్నీ నలభై. మా మీద అయింది రెండువేల ఎనభై. సరిగ్గా యాభై శాతం. అడుగున మాతో ఉన్న ఆ టీమ్‌ది యాభై పాయింట్ నాలుగు.

కంచం పక్కకి జరిపి చేసి చూశాను. ఆఖరి మ్యాచ్‌లో గోడ కట్టి, ముప్ఫై చేసి అరవై ఇచ్చామనుకుందాం. తేడా ముప్ఫయ్యే. కానీ మేం ఎక్కడున్నామో అక్కడే ఉంటాం, యాభైలో. అదే గోడ తీసేసి, తొంభై చేసి నూటయాభై ఇచ్చామనుకుందాం. తేడా అరవై, రెట్టింపు. కానీ పర్సంటేజ్ యాభై పాయింట్ ఏడుకి దగ్గరగా పోతుంది. మాలాంటి యాభై శాతం టీమ్‌కి, వాళ్ళొక గోల్ మేమొక గోల్ చొప్పున కొట్టుకుంటూ పోయినా లాభమే. రెండుసార్లు మొదట్నించి కట్టాను. తప్పు లేదు.

"అంటే మస్తుగ ఓడిపోతె బచాయిస్తరన్నట్టు," అన్నాడు కుర్రాడు. "గిదేం ఆటనే అన్నా."

గురువారం ప్రాక్టీసు దగ్గర కోచ్‌కి చెప్పాను. ఫెన్స్ మీద మోచేతులు ఆనించి మొత్తం విన్నాడు. అంకెలు రెండోసారి చెప్పించుకున్నాడు. టేబుల్లో మొదటున్న టీమ్‌తో ఆడేది ఎవరని అడిగాడు, చెప్పాను. కాసేపు గ్రౌండ్ వైపు చూశాడు. మావాళ్ళు గుండ్రంగా పరిగెడుతున్నారు, ఆవిరి కక్కుకుంటూ. తర్వాత, లోపల బోర్డుంది, నువ్వే చెప్పు, నేను చెప్తే నమ్మరు, అన్నాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో చెమట, బురద, కండరాలకి రాసుకునే నూనె కలిసిన వాసన. నేను బోర్డు మీద రెండు లెక్కలూ పక్కపక్కన వేశాను. అంతవరకూ నేను వాళ్ళతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ మీద, వేళ్ళకి టేపు చుట్టుకుంటున్న ఒక ఎర్రజుట్టు కుర్రాడు నోరు తెరిచాడు.

"మేట్, నువ్వు చెప్పేదేంటంటే, మనం ఇప్పటిదాకా సరిపడా ఓడిపోలేదు."

గది గదంతా నవ్వింది. చాలా వారాల తర్వాత విన్నానా నవ్వు.

"ఓడిపోండని కాదు," అన్నాను. "వాళ్ళు కొడతారని భయపడి మీరు కొట్టడం మానొద్దంటున్నాను."

"వాళ్ళు నూటయాభై కొట్టినా పర్లేదా?"

"మీరు తొంభై కొడితే."

"మేమా? తొంభయ్యా?" అని వాడు పక్కవాడి వైపు తిరిగి, "ఇతనికి పోయిన శనివారం ఆ గోల్ పోస్టు తలకి తగిలినట్టుంది," అన్నాడు.

కెప్టెన్ మాత్రం నవ్వలేదు. బోర్డు దగ్గరికొచ్చి వేలితో అంకెల మీదుగా నడిపాడు. "గోడ ఉండదా?" అని కోచ్‌ని అడిగాడు. ఉండదన్నాడు కోచ్. ఎవరి స్థానంలో వాళ్ళు నిలబడండి, బంతి దొరికితే ముందుకు తన్నండి, అంతే, అన్నాడు. ఇన్ని వారాలూ ఆయన ఆ మాట దాచుకున్నట్టుగా, చాలా తేలిగ్గా అన్నాడు.

శనివారం వాన లేదు, గాలి ఉంది. ఆట నాలుగు క్వార్టర్లు; మొదటిదాంట్లో అవతలివాళ్ళు నా చివరకే కొట్టారు. వరసగా గోల్స్. నేను జెండాలు ఊపడం, ఆ చివర వాళ్ళ అంపైర్ బదులుగా ఊపడం, నేను రాసుకోవడం. ఎప్పటిలాగే అలిసిపోయాను. కానీ క్వార్టర్ అయ్యాక ఇద్దరం కార్డులు సరిచూసుకోవడానికి కలిసినప్పుడు ఆయన కార్డు మీద మావాళ్ళవి నాలుగు గోల్స్ ఉన్నాయి. గోడ కట్టిన రోజుల్లో మొత్తం మ్యాచ్‌కి నాలుగు.

రెండో క్వార్టర్లో చివరలు మారతారు కాబట్టి మావాళ్ళు నా వైపుకి వచ్చారు. ఎర్రజుట్టు కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి కొట్టిన మొదటి గోల్ నా తల మీంచి పోయింది. నేను చప్పట్లు కొట్టకూడదు, నవ్వకూడదు. రెండు జెండాలు తీసి, అవతలివాళ్ళకి ఎలా ఊపుతానో అలాగే ఊపాను. వాడు నా ముందు నుంచి పోతూ, "ఆరు," అన్నాడు. నేను బదులు చెప్పకూడదు. చెప్పలేదు.

మూడో క్వార్టర్, నాలుగో క్వార్టర్. మావాళ్ళ కాళ్ళు బరువెక్కాయి. ఇద్దరికి పిక్కలు పట్టేసి మైదానం పక్కన పడుకోబెట్టారు. అవతలివాళ్ళు మా పక్కనుంచి అలవోకగా పోయి కొట్టేవాళ్ళు. కానీ బంతి దొరికినప్పుడల్లా మావాళ్ళు ముందుకే తన్నారు. నేను కార్డు మీద కూడుతూ, దాన్ని పాత మొత్తాలకి కలుపుతూ, మనసులో భాగిస్తూ నిలబడ్డాను. ఒక్కో గోల్‌కి ఆ అంకె మెల్లగా కదిలేది. యాభై, యాభై పాయింట్ రెండు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ పైకి.

సైరన్ మోగేసరికి అవతలివాళ్ళు నూట అరవై ఒకటి. మేం తొంభై ఏడు. ఆ సీజన్‌లో మా పెద్ద స్కోరు అదే. అరవై నాలుగు పాయింట్లతో ఓడిపోయాం.

కార్డులు సరిచూసి, సంతకాలయ్యి, కోటు విప్పాక గానీ నేను మాట్లాడకూడదు. అప్పటిదాకా మా టీమ్ మొత్తం మైదానం మధ్యలో నడుముల మీద చేతులేసుకుని నావైపే చూస్తూ నిలబడింది. కోటు తీశాను. కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎంత?"

"యాభై పాయింట్ ఏడు."

అతను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి అంకె అరిచాడు. మావాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. గెలిచిన టీమ్ పిల్లలు వీళ్ళకేమైందా అన్నట్టు చూస్తూ లోపలికి పోయారు.

ఎవరి గ్రౌండ్‌లో ఆట జరిగితే వాళ్ళు పోటీ నడిపే ఆఫీసుకి ఫోన్ చేసి స్కోరు చెప్పాలి. అది నా పనే. స్కోరు నోటికొచ్చేది నాకే కాబట్టి. డ్రెస్సింగ్ రూమ్ బయట వసారాలో గోడకి ఫోన్ ఉండేది. చేశాను. ఒకావిడ మా స్కోరు రాసుకుని, తిరిగి చదివింది. పక్క మ్యాచ్ స్కోరు వచ్చిందా అని అడిగాను, ఎంత తేడాతో ఓడారో తెలిస్తే పాయింట్ నాలుగు ఎంతకి దిగిందో చూసుకుందామని.

వచ్చింది, అంది. చదివింది. ఇంకోసారి చదవమన్నాను. ఆవిడ ఓపిగ్గానే చదివింది. అడుగున మాతో ఉన్న ఆ టీమ్ తొమ్మిది పాయింట్లతో గెలిచింది. పై టీమ్ వాళ్ళకి వచ్చే వారం ఫైనల్స్ కదా, సగం మందికి రెస్ట్ ఇచ్చారట, అంది. ఇంకేమైనా కావాలా అని అడిగింది. వద్దన్నాను.

సరిగ్గా అప్పుడే లోపల పాట మొదలైంది. అక్కడ ప్రతి టీమ్‌కీ ఒక పాట ఉంటుంది. గెలిచినప్పుడు మాత్రమే, డ్రెస్సింగ్ రూమ్‌లో ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, గుండ్రంగా నిలబడి పాడతారు. ఓడితే ఎవరూ దాని ఊసెత్తరు. ఓడిన టీమ్ పాట పాడటం నేను అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. మావాళ్ళలో సగం మందికి మాటలు సరిగ్గా రావు. రాని చోట గోడలకున్న ఇనుప బీరువాలు బాదుతున్నారు.

కోచ్ తలుపు దగ్గరికి వేసి వసారాలోకి వచ్చాడు. నా మొహం చూశాడు.

"గెలిచారా?"

"తొమ్మిది పాయింట్లు."

తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు. అప్పుడు నాకు అర్థమైంది.

"మీకు ముందే తెలుసా?"

"తెలీదు. అలా జరగొచ్చనుకున్నాను. పై టీమ్ ఆఖరి వారం మంచివాళ్ళని కూర్చోబెడుతుంది. ఎక్కడైనా అంతే."

"గురువారమే చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు." ఆయన గోడకి ఆనుకుని ఒక మోకాలు మెల్లగా మడిచి చాచాడు. "చెప్తే ఆశ లేదని మళ్ళీ వెళ్ళి గోల్ ముందు గుంపుగా నిలబడేవాళ్ళు. గోడ కట్టింది నేనే, మేట్. తీయమని నా అంతట నేను ఎలా చెప్పాలో తెలీలేదు. నువ్వొక కారణం పట్టుకొచ్చావు."

నాకు కోపం రావాలి. రాలేదు. భుజాలు నొప్పి పుడుతున్నాయి, కాళ్ళు తడిసి ఉన్నాయి, ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. నా లెక్కలో తప్పు లేదు. అడుగున ఉన్న ఆ టీమ్ ఓడుతుందన్నది మాత్రం నేను కట్టిన అంకె కాదు, ఊరికే వేసేసుకున్నది. ఏ గడిలోనూ రాయలేదు కాబట్టి సరిచూడలేదు.

లోపల పాట అయిపోయి, మళ్ళీ మొదట్నించి ఎత్తుకున్నారు.

"నేను చెప్తాను," అన్నాడు కోచ్.

"బోర్డు మీద వేసింది నేను," అన్నాను. "నేనే చెప్తాను."

"సరే. పాట కానివ్వు."

ఇద్దరం వసారాలో నిలబడి రెండోసారి పూర్తయ్యేదాకా విన్నాం. తర్వాత లోపలికి వెళ్ళాను. మా బోర్డు మీద ఎవరో మా పర్సంటేజ్ పెద్ద అంకెల్లో రాసి చుట్టూ గీత గీశారు. కెప్టెన్ నన్ను చూసి, ఇంకోసారి చెప్పు మేట్, అందరూ వినాలి, అన్నాడు. నేను ఫోన్లో విన్నది చెప్పాను. పై టీమ్ ఎందుకు అలా చేసిందో, తొమ్మిది పాయింట్లు, వాళ్ళవి రెండు గెలుపులు, మనది ఒకటి, పర్సంటేజ్ దాకా లెక్క రాదు. చెప్పడానికి పెద్దగా సేపు పట్టలేదు. కెప్టెన్ బెంచీ మీద కూర్చుని, పొడుగాటి కాళ్ళు ముందుకు చాపి, తల గోడకి ఆనించాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఎర్రజుట్టు కుర్రాడు నావైపు తిరిగి అడిగాడు.

"అయితే ఆ యాభై పాయింట్ ఏడు తప్పా?"

"తప్పు కాదు. యాభై పాయింట్ ఏడు నాలుగు."

"తొంభై ఏడు కొట్టాం."

"కొట్టారు."

వాడు తల ఊపి, కిందికి వంగి వేళ్ళకి చుట్టిన టేపు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే లేచి తడి జెర్సీలు విప్పారు. కోచ్ పెద్ద గుడ్డ సంచీ ఒకటి తెరిచి గది మధ్యలో పట్టుకుని నిలబడితే, వచ్చినవాడు వచ్చినట్టు అందులో పడేశారు. ఉతికించి ఆఫీసులో ఇచ్చేస్తానన్నాడు ఆయన. ఎవరికివ్వాలో తెలీదుగానీ, ఇచ్చేస్తాను, అన్నాడు. సంచీ బరువెక్కాక నేను రెండో పక్క పట్టుకున్నాను.